అక్క వేసుకోరాని గోలీ

హలో… ఆ, నేనే, జీవరాజును. ఎస్తర్ చెల్లె, డ్యూటీల ఉన్నవా?… రెండు నిమిషాలే.

మేరీ అక్కకు పొద్దుగాల నిజామాబాద్‌ల జ్ఞానదంతం తీసిండ్రు… ఆ, కోసే తీసిండ్రు. అడ్డం మొలిచిందట. మూడు కుట్లు…

బోధన్‌కు వచ్చేదాంక మంచిగనే ఉన్నది. తిమ్మిరి ఇడిసినంక మొదలైంది…

ఏసిన. పారాసిటమాల్. ఒంటిగంటకు ఏసిన… ఏం తక్కువ కాలే. గోడకు తల ఆనిచ్చి కూసున్నది. నువ్వు నర్సువు గదా, ఇంకేదన్న గోలీ చెప్తవేమోనని చేసిన—

ట్రమడాలా? అది గూడ రాసిండు డాక్టర్. ఒకటి ఏస్తె తాగిన జావంత కక్కింది. కుట్ల కాడ నెత్తురొచ్చింది… లేదు, ఆగింది. మళ్ల దూది పెట్టిన… ఆ, ఐసు బట్టల సుట్టి చెంపకు పెడుతున్న.

మా పక్కింటి హన్మవ్వ గూడ పోయిన నెల గిదే పన్ను తీయిచ్చుకున్నది. ఆమెకు ఐబుప్రొఫెన్ ఇచ్చిండ్రట. ఒక్క గంటల నొప్పి తక్కువై, సాయంత్రం బీడీలు చేసుకుంట కూసున్నదట. మిగిలిన గోలీలు తెచ్చి అక్క చేతుల పెట్టింది…

తెలుసు చెల్లె. ఒక్క కిడ్నీ ఉన్నోళ్లు అది ఏసుకోవద్దని నాకు తెల్వదా?… అందుకే గుంజుకున్న. నోట్ల ఏసుకోబోతుంటే చెయ్యి పట్టి గుంజుకున్న…

మాటెక్కడిది, నోట్ల దూదాయె. ఒక్కటే అని ఏలు సూపెట్టింది. నేను ఇయ్యలే. గిదంత నా వల్లనే.

…ఎట్ల అనకుంట ఉంట? రెండో కిడ్నీ నా కడుపుల ఉన్నది. నాకియ్యకపోతె గా గోలీ ఏసుకొని పండుకునేది…

సరే. అనను.

డాక్టర్‌కు చేసిన. ఆరు గంటలకొకసారి పారాసిటమాలే ఏయుమన్నడు, రేపటికి కొంచెం తగ్గుతదన్నడు… ఇంకా గంట ఉన్నది. ముందుగాల ఏయొచ్చా?… ఏయొద్దు. సరే.

గా గంటసేపు నేనేం చెయ్యాలె, చెల్లె?… ఊకె పక్కన కూసోవాలెనా?

ఆగు… అక్క లేచింది. గడియారం దిక్కు సూపెడుతున్నది… ఏందక్కా?

నా కిడ్నీ గోలీల యాళ్లయిందట… నా డబ్బ తీసింది. నీళ్లు వంపుతున్నది, ఒక చెయ్యి చెంప మీదనే ఉన్నది—

కూసో అక్కా. నేను తెచ్చుకుంట. నువ్వు కూసో…

ఏసుకుంటున్న, గిదిగో. సూడు.

ఫోన్ పెడుతున్న చెల్లె.