నాలుగు రోజుల మేత

మంగళవారం ఉదయం ఆరు గంటలకు ఆస్పత్రికి తీసుకెళ్లే కారు వచ్చి ఆగింది. కడుపులో గడ్డ తీయించుకోవాల్సిన మనిషి మాత్రం పట్టుపురుగుల షెడ్డులోంచి బయటికి రాలేదు. ఇప్పటికే రెండుసార్లు ఇలాగే వాయిదా వేసింది. ఈసారి ఆమె ఆడపడుచు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“వదినా, డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు.”

“ఈ తట్టకు కూడా ఆకు వేసి వస్తానే.”

“నీ మనవరాలి పుస్తకంలో చదివాను. మనుషులంతా మాయమైతే భూమి హాయిగా ఉంటుందట. రోడ్ల మీద చెట్లు మొలుస్తాయట, ఇళ్లలో జింకలు తిరుగుతాయట.”

“మరి వీటి సంగతి రాశారా?”

“ఇవీ సీతాకోకల్లా ఎగిరిపోతాయేమో.”

“రెక్కలొచ్చినా ఎగరలేవే. ఆకు జానెడు దూరంలో ఉన్నా వెతుక్కోవు. వేల ఏళ్లుగా మనమే నోటికందించి వీటిని ఇలా తయారుచేశాం. మనిషి లేకపోతే నాలుగు రోజులు కూడా బతకవు.”

“పోయేది మనుషులంతా కాదు, నువ్వొక్కదానివి. అదీ నాలుగు రోజులు. నేను మనుషుల లెక్కలోకి రానా?”

వదినకు నవ్వొచ్చింది.

“నువ్వు తడి ఆకు వేసేస్తావు. వీటికి జబ్బు చేస్తుంది.”

“తుడిచే వేస్తాను. ఎన్నింటికి వెయ్యాలో చెప్పు.”

“ఇప్పటిది అయిపోయింది. ఇక పదింటికి, రెండింటికి, ఆరింటికి, మళ్లీ రాత్రి పదింటికి.”

“నా పిల్లలకు కూడా ఇన్నిసార్లు పెట్టలేదు తల్లీ!”

“పెట్టి ఉంటే అంత పుల్లల్లా ఉండేవాళ్లా?” అంటూ ఆకుల బుట్ట ఆమె చేతికిచ్చింది.

ఆరున్నరకు కారు కదిలింది. పది గంటలకు ఆడపడుచు రెండో మేత వేసింది. పదిన్నరకు వదినను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు.