పెద్దక్కగారు గీసిన గీత

జూన్ నెల మూడవ తేదీన ఈ ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో జూనియర్ టెక్నీషియనుగా అడుగుపెట్టిన పెద్దక్కగారికి, మూడు దశాబ్దాలు దాటాక మళ్ళీ అదే తేదీ ఉదయాన, పదవీ విరమణకు కొద్ది వారాల ముందు, ఫోనులో ఒక శుభవార్త అందింది. గుండె దెబ్బతిన్నదో లేదో తెలిపే ట్రోపోనిన్ పరీక్ష నివేదికల మీద ఇకపై స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా సాధారణ పరిమితిని ముద్రించడానికి వైద్యుల కమిటీ ఒప్పుకుంది. ఆమె "మంచిదండీ" అని ఫోను పెట్టేసి, చేతిలోని నమూనా గొట్టానికి మూత బిగించి, అప్పుడు గాని కుర్చీలో కూర్చోలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. చుట్టూ చేరినవారు చప్పట్లు కొడుతుంటే, యంత్రం ఖాళీగా తిరుగుతోంది, ముందు దాని సంగతి చూడమన్నారు.

రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చిన కొత్తలో ఆమె పని గొట్టాలకు చీటీలు అతికించడం. ఒకరి రక్తం మరొకరిదిగా తారుమారు కాకుండా చూడడమే ఈ వృత్తికి ఓనమాలని ఆమె ఇప్పటికీ అంటారు. తరువాత అత్యవసర విభాగపు ల్యాబులో చాలాకాలం పనిచేసి, అక్కడినుంచి మొత్తం ల్యాబుకు అధిపతి అయ్యారు. ఇంటికి పెద్దకోడలు కావడం వల్ల వచ్చిన 'పెద్దక్క' అన్న పిలుపును, ఇదే ఆసుపత్రి లెక్కల విభాగంలో చేరిన ఆమె తోటికోడలు వెంట తెచ్చి అందరికీ అంటించింది. అలా ఆమె డాక్టర్లకు సైతం పెద్దక్కగారే అయ్యారు.

కొత్త యంత్రం వచ్చినప్పుడు దానితోపాటు అందరికీ కలిపి ఒకే పరిమితి వచ్చింది. ల్యాబులో దాన్ని 'గీత' అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆడవారి రక్తంలో ట్రోపోనిన్ మగవారికన్నా తక్కువ ఉంటుంది కనుక, గుండె దెబ్బతిని అది పెరిగినా, ఆ ఉమ్మడి గీతకు లోపలే ఉండిపోవచ్చు. ఛాతీ బరువుగా ఉందని వచ్చిన ఒక దర్జీ ఆవిడ 'నార్మల్' అన్న కాగితంతో ఇంటికి వెళ్ళి, మూడోనాడు స్ట్రెచర్ మీద తిరిగి వచ్చింది. ఆవిడ బతికింది. కాని ఆ కాగితం కింద సంతకం పెద్దక్కగారిది. ఈ గీతను ఎవర్ని చూసి గీశారో తనకు తెలియాలని ఆమె ఆ రోజే పట్టుపట్టారు.

సొంతంగా వేరే గీతలు గీయాలంటే, ఆరోగ్యవంతులైన కొన్ని వందలమంది స్త్రీల రక్తం, అంతమంది పురుషుల రక్తం వేర్వేరుగా పరీక్షించి, నూటికి తొంభైతొమ్మిదిమంది ఏ విలువకు లోబడి ఉంటారో తేల్చాలి. పని చెప్పినంత తేలిక కాదు. జబ్బు లేనివారు ఆసుపత్రికి ఎందుకు వస్తారు? అందుకని సిబ్బందిని, వారి బంధువులను బతిమాలారు. ల్యాబులో కొత్తగా పెళ్ళైన టెక్నీషియన్ (ఈ వ్యాసం రాస్తున్నది ఆమే) ఉబ్బితబ్బిబ్బవుతూ భర్తను వెంటబెట్టుకొస్తే, పెద్దక్కగారు ఆయన్ని ఎగాదిగా చూసి అన్నారు: "కొత్త పెళ్ళికొడుకు గుండె మామూలుగా ఎక్కడ కొట్టుకుంటుందమ్మా? ఆర్నెల్లాగి తీసుకురా." ఆ మాట తలచుకుని భార్యాభర్తలిద్దరూ ఇంటికి వెళ్ళేదాకా నవ్వుకున్నారు. అలా ఆటపట్టిస్తూనే ఆ రోజే చేసిన పరీక్షలో ఆయన మామూలుగానే తేలారు.

ఇంతలో ఒక ముచ్చట జరిగింది. ఒక ఆదివారం వచ్చిన ఆడవారి నమూనాలలో చాలావాటి విలువలు పైకి ఎగబాకాయి. వాటిని కలిపితే ఆడవారి గీత మగవారి గీత పక్కనే వచ్చి నిలబడుతుంది. "చూశారా, ఆడైనా మగైనా ఒకటే. పాత గీతే ఉంచేద్దాం" అన్నారు గుండె డాక్టరుగారు. పెద్దక్కగారు ఆ దాతలను పిలుచుకొచ్చిన ఫిజియోథెరపిస్టును కేకేసి, ఆ రోజు ఏం జరిగిందని అడిగారు. అతను గర్వంగా చెప్పాడు: "మన ఆడవాళ్ళ పరుగు పందెం అయిందండి. ఒక్కరు కూడా జారిపోకుండా, వేడివేడిగా పట్టుకొచ్చేశాను." ఆమె తల పట్టుకున్నారు. గట్టిగా పరుగెత్తిన గుండె ఒకటి రెండు రోజులు ట్రోపోనిన్ వదులుతుంది. వారం పోయాక అందరినీ మళ్ళీ పిలిస్తే, విలువలన్నీ బుద్ధిగా కిందికి దిగాయి, ఒక్క తోటికోడలిది తప్ప.

పాత గీత ప్రకారం అదీ నార్మలే.

"నేను పరుగెత్తిందెక్కడక్కా? చివర్లో నిలబడి మంచినీళ్ళిచ్చానంతే" అంది తోటికోడలు.

"అందుకే నా భయం."

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"నాలుగు మెట్లెక్కితే ఆయాసమని మొన్న కూరలు తరుగుతూ అన్నది ఎవరు? లే, చెప్పులేసుకో."

గుండె డాక్టరుగారు పరీక్ష చేసి చూస్తే, గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి సగానికి పైగా మూసుకుపోయి ఉంది. సకాలంలో చికిత్స జరిగింది. ఆ తరువాత కమిటీ ముందు వేరే గీత కోసం పెద్దక్కగారికన్నా గట్టిగా వాదించినవారు ఆ గుండె డాక్టరుగారే. ఆరోగ్యవంతుల లెక్కలోంచి మాత్రం తోటికోడలిని తీసేయక తప్పలేదు. "ఇంత చేస్తే నన్నే తీసేశావా అక్కా" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

నేటితో పెద్దక్కగారి ఉద్యోగం ముగుస్తోంది. ఆమె గుండె ఏ గీతా దాటకుండా, భర్తతో, తోటికోడలితో, ఇంటిల్లిపాదితో నిండు నూరేళ్ళు నవ్వుతూ ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. రేపటినుంచి ల్యాబులో అరవై దాటినవారి గీత కోసం నమూనాల సేకరణ మొదలవుతుంది. మొదటి దాతగా పెద్దక్కగారే ఉదయం తొమ్మిదింటికి వస్తానన్నారు. పక్కనుండి మెల్లగా నడిపించుకొస్తానని తోటికోడలు మాటిచ్చింది. కనుక ఈ సాయంత్రం సభకు విచ్చేసేవారికి ఒక మనవి: పెద్దక్కగారిని పైఅంతస్తు హాలుకు లిఫ్టులోనే తీసుకురండి, బరువైన జ్ఞాపికలు చేతికివ్వకండి, ఆటలపోటీలకు లాగకండి. రేపు ఆమె రక్తం తియ్యాలి.