మావారి కారులో వణుకు

ఆగండాగండి త్రిమూర్తులు గారూ, ముందు ఆ బానెట్టు మూసేయండి. ఇంజనులో ఏం లేదని చెబుతున్నాను కదా. ఆడమనిషి కారు తెచ్చిందంటే చాలు, పెట్రోలు ఉందామ్మా అని మొదలెడతారు. ఉందండి, సగం టాంకు ఉంది.

నేను రాజరాజేశ్వరిని. మెయిన్ రోడ్డులో పప్పుల హోల్‌సేలు వెంకటసుబ్బారావు గారి భార్యని. ఆఁ, ఆయన కారే. రాజమండ్రిలో ఇలాంటి రెండు సీట్ల ఎర్ర బండి ఇంకోటి ఉందా ఏంటి, అరవై ఏళ్ల నాటిది. ఆయన షాపు వ్యానులో రామచంద్రపురం మిల్లుకి వెళ్లారు. సాయంత్రం దాకా రారు. తాళం నేనే తీశాను. అడగలేదు.

ఎందుకంటారా?

ఐదేళ్లుగా ఇదే వరసండి. ఆదివారం పొద్దున్న ఆరయ్యేసరికి "రాజీ, బండి వణుకుతోందే, అదేంటో చూసుకొస్తాను" అంటారు. బ్రిడ్జి దాటి కొవ్వూరు, తాళ్లపూడి మీదుగా పట్టిసీమ. మళ్లీ పదకొండింటికి ఇంటికి. దొరికిందా అండి అంటాను. "లేదే, వచ్చేవారం చూడాలి" అంటారు. డాక్టర్లు గుండెలో చిల్లు గంటలో పట్టేస్తున్నారు, కారులో వణుకు ఐదేళ్లయినా దొరకదా?

నేను అనుమానపు మనిషిని కాదు. ఎందుకులెండి అబద్ధం, అనుమానపు మనిషినే. వచ్చేసరికి చొక్కా వీపంతా ఇసుక. ఏంటండీ ఇది అంటే, కారు కిందకి దూరానంటారు. కారు కిందకి దూరినవాళ్లకి గ్రీజు అంటాలి గాని ఇసుక ఎలా అంటుతుంది? మీరే చెప్పండి, మెకానిక్కు కదా.

పట్టిసీమలో ఎవరో ఉందనుకున్నాను. ఆవిడకి పేరు కూడా పెట్టుకున్నాను, లావణ్య అని. నవ్వకండి. చామనచాయ, నడుం దాకా జడ. ఆదివారం ఆయన బండి వీధి మలుపు తిరగ్గానే ఆవిడ నా కళ్ల ముందుకి వచ్చేసేది.

అందుకని ముందు ఒకటి తేల్చుకోవాలనుకున్నాను. అసలు ఈ బండి వణుకుతుందా, లేదా? లేదంటే ఆయన దొంగ. ఉందంటే తప్పు నాది.

నెల రోజులు ఫోనులో వీడియోలు చూశానండి. పక్క వీధిలో ఉండే మా కోడలు సాయిదుర్గ వచ్చినప్పుడు చూసి వంటల వీడియోలనుకుంది. ఇవాళ పొద్దున్నే టైర్ల షాపుకెళ్లి నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగు చేయించాను. అటునుంచటే కొవ్వూరు వైపు తీసుకెళ్లాను. ఇందులో మీటరు మైళ్లలో కదా, నలభై దాటిందో లేదో మొదలైంది. స్టీరింగు నిబ్బరంగానే ఉంది, వణికేది సీటు. నడుం కింద నుంచి గుయ్యిమని వస్తోంది. క్లచ్చి తొక్కి న్యూట్రల్లో పెట్టాను. ఇంజను చప్పుడు తగ్గింది గాని వణుకు తగ్గలేదు. మూడో గేరులో మళ్లీ అదే నలభైకి తెచ్చాను. అదే వణుకు. అంటే ఇంజనూ కాదు, చక్రాలూ కాదు. ఇక మిగిలిందేంటండి, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి పోయే ఆ పొడుగాటి షాఫ్టే కదా.

ఎక్కడ నేర్చుకున్నానంటారేంటి, చెప్పాను కదా, వీడియోలు.

అంటే ఆయన అబద్ధం ఆడలేదన్నమాట. బండి పక్కకి ఆపాను. సంతోషమో సిగ్గో నాకే తెలీలేదు. ఆ తర్వాత తిన్నగా మీ షెడ్డుకే వచ్చాను.

సరే, జాకీ వేసి ఎత్తండి. చూద్దాం.

ఊఁ... అదేంటండి, ఆ మడ్డి తుడిచి నేరుగా అక్కడే వేలు పెట్టారు? షాఫ్టు రెండు ముక్కలూ కలిసే చోట ఈ బాణం గుర్తులు ఎదురెదురుగా రావాలి, ఒక పన్ను పక్కకి తప్పింది, అదే వణుకు అంటారు. సరే, కనిపిస్తోంది. ఎవరో విప్పి తప్పుగా బిగించారు, అదీ అర్థమైంది. నేనడిగేది అది కాదు. ఇంకెక్కడా వెతక్కుండా, తప్పు అక్కడుందని మీకెలా తెలుసు?

ఆ గుడ్డతో చేతులు ఎంతసేపు తుడుచుకుంటారండి. ఇటు చూసి చెప్పండి.

ఎప్పుడు? ఐదేళ్ల కిందట ఆయన ఈ బండి కొన్న కొత్తలోనే? గంట పని అని మీరే చెప్పారా ఆయనకి? మరేమన్నారు?

"ఉండనీ త్రిమూర్తులూ, తొందరేముంది" అన్నారా.

అయితే లావణ్య ఉన్నట్టే.

లేదా? మీకేం తెలుసు? ఓహో, ఓసారి బండి ఆగిపోతే పట్టిసీమ వెళ్లారా. ఎవరున్నారు ఆయన పక్కన? చెప్పండి, నేనేం గొడవ చేయను. ఎవరూ లేరా. రేవుకి అవతల, ఇసుకలో తువ్వాలు మొహం మీద వేసుకుని వెల్లకిలా పడుకున్నారా. మీకు కబురు చేశాక ఫోను కారులో వదిలేసి. మీరు పిలిచినా లేవకుండా, ఇంకో పది నిమిషాలు ఉండనివ్వవయ్యా అన్నారా.

అంతేనా?

ఎవరైనా ఉంటే బాగుండేదండి. వెళ్లి జుట్టు పట్టుకుందును. ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేద్దును. అక్కడ ఎవరూ లేకపోతే ఎవరితో పోట్లాడతాను? ఆయనకి కావలసింది నేను లేని చోటు. ముప్ఫై రెండేళ్ల కాపురం తర్వాత అదండి నాకు తెలిసింది.

షాపు చికాకులమ్మా అని సర్దిచెప్పకండి. షాపు నాకు తెలీదా?

ఏంటది, ఎర్రగా పొడి రాలుతోంది? తుప్పా? ఐదేళ్లు వణికి వణికి జాయింటులో బేరింగు అరిగిపోయిందా. ఇలాగే నడిపితే? షాఫ్టు ఊడి రోడ్డుకి తన్నుకుంటుందా. బండి వేగంలో ఉండగానా. ఈ సంగతి ఆయనకి తెలుసా? లేదు, మీరూ ఇప్పుడే చూస్తున్నారు.

చేసేయండి. ఇవాళే. కొత్త జాయింటు వేసి, ఆ గుర్తులు ఎదురెదురుగా పెట్టండి. అయ్యేదాకా నేనీ బల్ల మీద కూర్చుంటాను. ఆయనేమైనా అంటే నా పేరు చెప్పండి.

త్రిమూర్తులు గారూ, పని చేస్తూనే వినండి. ఇది ఇంకెవరికీ చెప్పలేదు. ఆదివారం ఆయన వెళ్లగానే నేను గేటుకి గడియ పెట్టేస్తాను. తల దువ్వుకోను, టిఫిను వండను. చద్దన్నంలో ఆవకాయ కలుపుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని వెనక మెట్ల మీద తింటాను. ఎవరు పిలిచినా పలకను. పదకొండు దగ్గర పడుతుంటే, ఈయన ఇంకో గంట ఆగి వస్తే బాగుండు అనిపిస్తుంది. ఆయన ఆవిడ దగ్గరే ఉన్నారని నమ్ముతూ కూడా అలాగే అనిపించేదండి. ఏడుస్తూనే, హాయిగా ఉండేది.

ఇప్పుడిది బాగుపడితే ఇక ఆయనకీ సాకు లేదు, నాకూ లేదు. అయినా బిగించండి. గట్టిగానే బిగించండి, మనిషి బతికుండాలి కదా. వచ్చే ఆదివారం ఇద్దరం ఒకే ఇంట్లో కూర్చుని ఏం చేస్తామో నాకైతే తెలీదు.