హెల్మెట్ వెనక నంబరు

కొలంబియాలోని మానిసాలెస్ ఊరి కొండవీధిలో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్ బైకును మొదటిసారి నడిపి వచ్చిన తమ్ముడు హెల్మెట్ తీయకుండానే, దాని అద్దం మాత్రం పైకెత్తుకుని గుమ్మంలో కూలబడ్డాడు. వేడి బెల్లంనీళ్ళ కప్పుతో వచ్చిన అక్కకు ఏదో తేడాగా తోచింది.

"ఏరా, అంత మోజుపడి కొన్నావుగా, ఎలా ఉందేంటి?"

"పులిలా దూకుతోందక్కా. మూడో గేరులోనే కొండెక్కేసింది. మలుపుల్లో మాత్రం ఎడమకి లాగుతోంది."

"బండి ఎక్కడా పడలేదని అమ్మినావిడ ఒట్టేసిందన్నావు?"

"వేసింది. రూలు ప్రకారం వెనక బండి నంబరు రాసున్న ఈ హెల్మెట్ కూడా ఊరికే ఇచ్చింది."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

"సిగ్నల్ దగ్గర ఆగాను. ఎవరో అమ్మాయి వెనకనుంచి 'దువాన్! దువాన్!' అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. హెల్మెట్ అద్దం పైకెత్తాను. నా మొహం చూసి రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది."

"దువాన్ ఎవడ్రా?"

"అమ్మినావిడ కొడుకట. ఆర్నెల్ల కిందట ఈ బండి మీంచి పడే పోయాడట. ఆ రోజు హెల్మెట్ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడట. వాణ్ణి పెళ్ళి చేసుకోవాల్సిన పిల్లక్కా. హెల్మెట్ వెనక నంబరు చూసి, వాడే వచ్చేశాడనుకుంది."

అక్క కప్పు గట్టు మీద పెట్టేసింది.

"ముందు ఆ హెల్మెట్ తీసి అవతల పారెయ్. రేపే కొత్తది కొనుక్కో."

"కొంటాను. కానీ పోలీసులు ఊరుకోరుగా అక్కా. దాని వెనకా ఈ నంబరే రాయించాలి."