భీమరావు కాసిన అనపగింజల సారు

ఏం కీర్తీ, ఏందిమా ఆ కాస్తాండేది? సూపా? అనపగింజలేసి, ఆకేసి కాస్తే అది సూపెట్లయితాదమ్మా, సారు అంటారు దాన్ని. ఫోన్లో సూసి నేర్చుకుంటాండావా? సరే, కానీ. ఈ పుంగనూరు సలికి ఆ సారు పడకపోతే పానం ఊరుకోదు. ఆ వాసనొస్తే నాకు భీమరావే గుర్తొస్తాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. మా పక్కిల్లే. కుప్పం బస్సుకు కండక్టరు. ‘రైట్ రైట్’ అని అరిస్తే పలమనేరులో పడుకున్నోడు లేసి కూర్చునేటోడు. ఆ నోరంతా బస్సులోనే. ఇంట్లో నోరు ఆయన పెండ్లాం నాగరత్నమ్మది. పొద్దున లేసిందంటే సీపురుతో మాట్లాడతాది, పొంగే పాలతో మాట్లాడతాది, ఎవరూ లేకుంటే గోడకు ఇవతల ఉండే నాతో మాట్లాడతాది.

ఒక సలికాలం ఏమయిందంటే, ఆయమ్మకు జలుబు సేసి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. ఒక్క మాట రాలేదు. ఈయన కాఫీ తాగతా, ‘ఏం రత్నా, పలకవే?’ అన్నాడు. ఆయమ్మ గొంతు మీద ఏలు పెట్టి ఇట్ల అడ్డంగా గీసింది, పోయింది అని. ఈయన ఏమనుకున్న్యాడు? పీక కోస్తా అంటాండాది అనుకున్న్యాడు! మళ్లీ ఆయమ్మ మేకుకుండే సంచి దించింది, సారులోకి ఆకు తెమ్మని. ఈయనేమో కుప్పానికి, పుట్టింటికి పోతాండాది అని సంచి పట్టుకోని యాలాడినాడు. ‘రత్నా, ఆ ఇత్తడి సెంబు దొంగలెత్తుకుపోలేదే, నేనే బస్సులో మర్సిపోయినా.’ పలకలేదు. ‘మీ అన్న ఇచ్చిన స్వెట్టరు ఎలకలు కొరకలేదే, డ్రైవరుకిచ్చేసినా.’ ఊహూఁ. ‘భజనలో నిన్ను పాడనీకుండా సేసింది ఆ హార్మోనియం ఆయప్ప కాదే... నేనే సెప్పినా, మా ఇంటిది పాడితే బర్రెలు పాలియ్యడం లేదని.’ అప్పుడు సూడాల ఆయమ్మ కండ్లు! గంపెడు అనపకాయలు తెచ్చి ఆయన ముందర దబ్బుమని పెట్టి, పొయ్యి సూపించింది.

వచ్చినాడమ్మా గోడ కాడికి, నా దగ్గరికి. ‘ఆదెక్కా, ఆదెక్కా, సారు ఎట్ల కాస్తారక్కా? కాయకపోతే నా సంసారం కుప్పం బస్సెక్కుతాది.’ నాకు తెలుసు గొంతు పోయిందని. తెల్లారే కొళాయి కాడ ఆయమ్మే సైగ సేసింది. ఆయనకు నేను సెప్పలేదు. యాల అంటావా? ఇంకా ఏమేమి బయటపడతాయో సూద్దామని!

‘కాయలొలిసి, గింజలు ఉడుకునీళ్లలో నానేసి పితుకప్పా’ అన్నా. పితికినాడు. ఆ పప్పు తొక్కలోంచి గుండు మాదిరి లేసిపోతాది గదా, ఒకటి క్యాలెండరుకు తగిలె, ఒకటి పోయి ఆయమ్మ కొప్పులో కూర్చుండె. ‘ఆకు బాగా కడుగు’ అంటే, ‘సబ్బేసేదా అక్కా?’ అనె. పప్పు, ఆకు ఉడికినాక ధనియాలు, టెంకాయ, తెల్లగడ్డ, నాలుగు ఎండుమిరపకాయలు నూరి పొయ్యమన్నా. నాలుగంటే పద్నాలుగని ఇన్న్యాడు. బస్సులో గంట కొట్టీ కొట్టీ సెవులు సగం పోయినాయి ఆయనకు.

రాగిసంగటి ముద్ద పెట్టి, మీద ఆ సారు పోసి, ముందర చేతులు కట్టుకోని నిలబడినాడు, పరీక్ష పేపరిచ్చిన పిలకాయ మాదిరి. ఆయమ్మ ఒక గుటక మింగింది. ముక్కు కారె. రెండో గుటకకు కండ్లు కారె. మూడో గుటకకు ఖళ్లుమని ఒక దగ్గు దగ్గింది, గొంతు తిరిగొచ్చె! ‘ఏమయ్యా, గొంతు పోయిందిరా దేవుడా అని నేను సెప్తాంటే, నీ పాపాలన్నీ యాల సెప్తివి?’ అనె. నేను గోడకీపక్క కొంగు నోట్లో కుక్కుకోని నవ్వి నవ్వి సచ్చినా.

ఆపొద్దు నించి ఆయమ్మ ఆ సారుకు మరిగింది. ఏటా సలి మొదలయితే సాలు, గొంతు బాగుండినా సరే, ఒక పూట ఊరికే నోరు మూసుకుంటాది. ఈయన ఎందుకైనా మంచిదని ఏదో ఒకటి ఒప్పేసుకోని, పొయ్యి ముట్టించేటోడు. మంచి మనిషి, ఎన్ని తప్పులని సేస్తాడు పాపం? నాలుగేండ్లకు సరుకు అయిపోయె. ఐదో ఏడు ఏమీ దొరక్క, మా ఆయన సేసిందాన్ని గూడా తనే సేసినట్టు ఒప్పుకున్న్యాడు. గోడ పక్కన నేనుండా గదా... ఇంటాండే మా ఆయన మొగం సూస్తానే, అది ఎవురి పనో నాకు అప్పుడే తెలిసె.

ఏం సేసినాడా? ఎవురు, మా ఆయనా?

నువ్వు మంట తగ్గించు ముందు, సారు పొంగతాండాది.