ఆవకాయ పోగొట్టిన ఈల

గవర్రాజని ఒకడు, ఆడు రిఫరీ అంట. ఆటాడ్డం రాదు, పరిగెత్తడం రాదు, ఈల ఊదడం ఒక్కటే ఒచ్చు. రాజమండ్రి ఎళ్ళి కొనుక్కొచ్చుకున్న ఇత్తడి ఈల, ఎర్రతాడు కట్టి మెళ్ళో ఏసుకుని తిరిగేవోడు. చుట్టుపక్కల లంకల్లో ఎక్కడ బంతాట పెట్టినా ఆడే ఊదాలి, ఊదినందుకు ధాన్యం కొలిచేవోరు. అదే ఆడి బతుకనుకో. మెళ్ళో ఈల ఉన్నంతసేపూ మునసబుగారి అరుగు మీద కూడా కాలు మీద కాలేసుకుని కూర్చునేవోడు. తీసి గూట్లో పెట్టేడా, ఆడి పెళ్ళాం అచ్చియ్యమ్మ గేదెకి కుడితి కలపమనేది. అందుకని పడుకున్నప్పుడు కూడా తీసేవోడు కాదు. నిద్దట్లో ఈల నోట్లోకి జారిపోతే గురకంతా అందులోంచే ఒచ్చేదంట, ఈధిలో కుక్కలు లేచి కూర్చునేవంట. నవ్వకండర్రా, ఇంకా కథలోకి ఎళ్ళనే లేదు.

ఏమైందంటే, గవర్రాజు ఊరు గోగులంక. కాలవకి అవతల మొగలిపాలెం. మధ్యన కాలవగట్టు మీద మామిడితోపుంది, అది ఏ ఊరిదో ఎవరికీ తెలీదు. కొట్టుకుని కొట్టుకుని ఇసిగెత్తిపోయి పెద్దోళ్ళేం చేసేరంటే, ఏటా కోతలయ్యేక కోసిన చేలో బంతాట పెడదాం, గెలిచిన ఊరు ఆ ఏడు కాయ కోసుకోవాలి, ఓడిన ఊరు ఆ ఛాయలకి రాకూడదు అని రాసుకోకపోయినా ఒట్టేసుకున్నారు. అవి రసాలు కాదమ్మా, ఆవకాయ కాయ! నోట్లో ఎడితే కన్ను మూతపడిపోవాలి, అంత పులుపు. ఏడాది దాటినా ముక్క మెత్తబడదు. గోగులంకలో ఇంకో మామిడిచెట్టు లేదు. మరి ఓడిపోతే చద్దన్నంలోకి ఏంటి? గాలా? అదీ సంగతి.

ఆ రోజు ఎండ మాడ్చేస్తంది. గోలుకి చేపలవల కట్టేరు. ఆ వలకి తాబేలు కొరికిన చిల్లొకటుంది, గంప పట్టేంత. కుడదాం కుడదాం అనుకుంటానే ఎవరూ కుట్టలేదు. మన గవర్రాజేం చేసేడు, ఈ చివర తాటిచెట్టు నీడకి చేరేడు. అక్కడెవరో ముంజకాయలు కొడతన్నారు. ఒకటి చేతికిచ్చేరు. బొటనేలు పెట్టి జుర్రుతన్నాడు. ముంజ తినేటప్పుడు ఎవడైనా తలెత్తుతాడా చెప్పు, తలెత్తితే నీళ్ళన్నీ చొక్కా మీదే. సరిగ్గా అప్పుడే ఆ చివర నూకరాజని, గోగులంకలో అందరికన్నా బాగా ఆడేవోడు, బంతిని తన్నేడు చూడు! గోలులోకి ఎళ్ళింది, వలదాకా ఎళ్ళింది, ఆ చిల్లులోంచి దూరిపోయి ఎనకున్న బోదెకాలవలో పడింది. ఊరు ఊరంతా గోలని అరిచింది. గవర్రాజు తలెత్తేడు. బంతి చూస్తే వలకి అవతలుంది. చూళ్ళేదర్రా అనొచ్చు కదా? నోట్లో ముంజ పెట్టుకుని ఆ మాటెలా అంటాడు, పరువు కదూ. ఈల ఊదేసి, బయటికెళ్ళింది, గోలు కాదు అనేసేడు. నూకరాజు పరిగెత్తుకొచ్చి, బాబాయ్ బాబాయ్, లోపల్నించే ఎళ్ళింది, కావలిస్తే వల చూడు, ఇంత చిల్లుంది అన్నాడు. "ఊదిన ఈల ఎనక్కి పీల్చుకోలేన్రా. నాకే ఎదురు చెప్తావా? నువ్వు బయటికి!" అన్నాడు గవర్రాజు. ఇంకోడొచ్చి అదేంటి మావయ్యా అన్నాడు, నువ్వూ బయటికి. ఎవడు నోరు తెరిస్తే ఆడు బయటికి. ఆఖరికి గోగులంకకి గోలు కాసేవోడొక్కడే మిగిలేడు, ఆడికి చెవుడు, ఏం జరిగిందో తెలీక నోరు తెరవలేదు. మొగలిపాలెమోళ్ళు పొయ్యిలోకి పిడకలేసినట్టు గోలు మీద గోలేసేసేరు. తోపు పోయింది.

మగోళ్ళు తిట్టుకుని ఊరుకున్నారు గానీ ఆడోళ్ళు ఊరుకుంటారా? ఆవాలు ఎండబెట్టేసేరు, కారం కొట్టించేసేరు, జాడీలు కడిగి బోర్లించేసేరు. కాయేదీ? పేరంటాలని ఒక ముసలమ్మ, ఊరందరికీ ఆవకాయ పాళ్ళు చెప్పేది ఆవిడే, ఖాళీ జాడీ చంకనెట్టుకుని మునసబుగారి అరుగు మీదికెక్కి కూర్చుందంట. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పని చెడగొట్టినోడు ఆ చెడిందాన్ని తనే అనుభవించాలి. కుంటి మంచం చేసిన వడ్రంగి ఆ మంచం మీదే పడుకోవాలి, పొట్టి చొక్కా కుట్టినోడు అదేసుకుని తీర్థానికెళ్ళాలి. ఇప్పుడీ రిఫరీ చెడగొట్టింది ఏంటి, తీర్పు. తీర్పు మీద పడుకోలేం, తొడుక్కోలేం, ఎలాగా అని మునసబుగారు గడ్డం గోక్కుంటంటే పేరంటాలు అందీ, "ఎలాగేంటి బాబూ, ఆ ఈల నాకిప్పించండి. పున్నమి దాకా ఈడు ఆటని నడిపినట్టే నేను ఈణ్ణి నడుపుతాను. కిమ్మనకుండా పడ్డాడా, ఈల ఆడిది ఆడికిచ్చేస్తాను. ఒక్క మాట ఎదురు చెప్పేడా, కాలవలోకి గిరాటేసేస్తాను, మళ్ళీ జన్మలో ఈల ముట్టుకోకూడదు" అని. అందరూ భేషన్నారు. మెళ్ళోంచి ఎర్రతాడు తీస్తంటే గవర్రాజుకి ప్రాణం తీసినట్టే ఉందంట.

ఇంక చూడు ఆడి పాట్లు. కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతాడు, కుయ్! "చెయ్యి గీత దాటింది. కంచం తీసెయ్యే అచ్చియ్యమ్మా." ఏ గీతా అనడగాలని నోటిదాకా ఒస్తది, ఈల గుర్తొచ్చి మింగేస్తాడు. మింగడానికి అదొక్కటే మరి. క్షవరానికి కూర్చున్నాడు, ఒకేపు మీసం అయ్యింది, కుయ్! "ఏళయిపోయింది, లే." సగం మీసంతో ఊరంతా తిరిగేడు. మంచమెక్కితే ఎక్కిన పద్ధతి తప్పంది, ఇంట్లోంచి బయటికంది. తలుపు కొడితే అచ్చియ్యమ్మ లోపల్నించి, "ఆవిడ బయటికందిగా మావా, నేనెలా తీస్తాను, నన్ను కూడా బయటికంటే?" అందంట. పెళ్ళాం కూడా నవ్వుతానే ఉంది, అది కదా బాధ. అయినా పళ్ళబిగువున ఓర్చుకున్నాడు. పున్నమి ఒచ్చేస్తంది, ఈల ఒచ్చేస్తంది, అంతే, అదొక్కటే ధ్యాస.

ఈలోపల పేరంటాలు సంగతేమైందంటే, ఆవిడకి ఈల రుచి మరిగింది. గవర్రాజుకి ఊదడం అయిపోయి ఊరందరికీ ఊదడం మొదలెట్టింది. నీళ్ళకాడ తగువా, కుయ్. కోడి ఎవరిదీ, కుయ్. అలాగ పున్నమి రేపనగా, ఓ ఇంటావిడ ఎండబెట్టుకున్న ఒడియాలు ఏదో ఒచ్చి తినేసింది. పేరంటాలు అటేపు ఈపు పెట్టి చింతపండు పిక్కలు తీసుకుంటంది. ఆ ఇంటావిడ అరుపిని తిరిగింది. పక్కన నూకరాజు గేదె నిలబడుంది. కుయ్! "నూకరాజు గేదే తినేసింది. ఊరి బయటికి తోలండి!" పాడిగేదె, ఇంట్లో పసిదూడ. గేదెని తోలతంటే దూడ అంబా అంటా కట్టుగుంజ చుట్టూ తిరుగుతంది. నూకరాజు నోరు తెరిచేడు, మళ్ళీ మూసేసుకున్నాడు, ఎదురు చెప్తే ఆణ్ణీ తోలేస్తారు కదా.

గవర్రాజు తనింటి అరుగు మీంచి అంతా చూసేడు. తిన్నది గేదె కాదు, పేరంటాలు సొంత మేకపోతు. గెడ్డానికి ఇంకా ఒడియం అంటుకునే ఉంది. ఒక్క రాత్రి ఓర్చుకుంటే ఈల ఆడి చేతికొస్తది. ఆడికెందుకు, పైగా నూకరాజు ఆడి మీద పళ్ళు నూరతన్నాడాయె. తల తిప్పేసుకున్నాడు. దూడ మళ్ళీ అంబా అంది. నూకరాజు మొహం చూసేడు. ఆ రోజు చేలో కూడా ఆ మొహం అలాగే ఉంది, అప్పుడు ఆడే చూళ్ళేదు. చటుక్కున లేచి, "ఆపు అత్తా!" అన్నాడు. "నువ్వు చూళ్ళేదు. ఈపు పెట్టుకుని కూర్చున్నావు. నేను చూసేను, తిన్నది నీ మేకపోతు." ఊదేసేన్రా అంది పేరంటాలు. "ఊదితే ఊదేవు, తప్పని చెప్పు! చూసినోళ్ళని అడుగు! అడిగితే నీ సొమ్మేం పోయింది?" అనేసి, ఊరోళ్ళేపు తిరిగి, "ఆ బంతీ గోలేనర్రా. నేను ముంజ తింటన్నాను" అన్నాడంట.

పేరంటాలు మేకపోతు గెడ్డం చూసుకుంది. గేదెని ఎనక్కి తోలించింది. ఈల పైటకొంగుతో తుడిచింది. "నువ్వన్నది నిజమేరా. కానీ ఎదురు చెప్పేవు, మాట మాటే" అని ఎళ్ళి కాలవలోకి ఇసిరేసింది. బుడుంగుమంది. గవర్రాజు గట్టు మీద కూర్చుని చంటిపిల్లాళ్ళా ఏడిచేడు. నూకరాజొచ్చి పక్కన కూర్చున్నాడు.

మునసబుగారు మొగలిపాలెం కబురెట్టేరు, ఇలాగ ఇలాగ, ఆట మళ్ళీ ఆడాలి అని. టెంక కట్టాలని ఆళ్ళింకా కాయ కొయ్యలేదు, దొంగగెలుపన్న మాట పడలేక సరేనన్నారు, మరి నడిపేదెవరయ్యా అన్నారు. పోయి పోయి మళ్ళీ గవర్రాజునే పట్టుకొచ్చేరు. ఈల్లేదు, చప్పట్లు కొడతాడు. ఇప్పుడాడు ఎలా తయారయ్యేడంటే, బంతి కదిలితే చాలు, ఆగండర్రా, నేను సరిగ్గా చూసేనో లేదో అని ఈ ఊరోళ్ళని అడుగుతాడు, ఆ ఊరోళ్ళని అడుగుతాడు, గట్టు మీద బట్టలుతికేవోళ్ళని అడుగుతాడు. ఒక్క తన్నుకి ఒక పూట. తోపులో కాయ ముదిరిపోతందర్రా అని రెండూళ్ళ ఆడోళ్ళూ చూసి చూసి, ఈళ్ళ మొహం మండ అని కలిసెళ్ళి కాయ కోసేసి, సగం సగం పంచేసుకుని జాడీలకెత్తేసుకున్నారు. మగోళ్ళు మాత్రం చేలోనే ఉన్నారు. గెలిచిందెవరంటారా? నాకేం తెలుసు, మా అమ్మమ్మ చెప్పినప్పటికి ఇంకా ఆ మొదటి బంతి సంగతే అడుగుతున్నాడంట. మీరెవరైనా అటెళ్తే తల దించుకుని ఎళ్ళిపొండి, కనపడ్డారా, నువ్వు చూసేవా అని మిమ్మల్నీ పట్టుకుంటాడు.