పసుపు గీత

సిగ్గుండాలి బావా! చొక్కా గుండీ అక్క పెడితే తప్ప పెట్టుకోలేనివాడివి, రేపు ఇరవై నాలుగు గంటల రేసుకి కారెక్కుతావా?

ఆ, అటు తిరుగు. గోడ నీకు మంచి సలహా చెబుతుంది.

డాక్టరమ్మ సరేనందా? ఎందుకనదు! పిడికిలి బిగించమంటే కుడిచేయి చాచి ఉంటావు. పొద్దున ఎడమచేతిలోంచి టీ గ్లాసు జారితే ఏమన్నావు? చల్లారింది, పారబోశానన్నావు. గ్లాసుతో సహా పారబోస్తారా ఎవరైనా?

ముగ్గురు డ్రైవర్లు వంతులేసుకుంటారు, నిజమే. కానీ నీ వంతులో స్టీరింగ్ పట్టుకోవడానికి పక్కింటివాళ్లు రారు కదా! మూడు గంటలు కదలకుండా కూర్చుంటే ఆ వేళ్లు మొద్దుబారి కట్టెలైపోవూ? అప్పుడేం చేస్తావు, పళ్లతో తిప్పుతావా?

నవ్వకు. నాకు ఒళ్లు మండుతోంది.

"తమ్ముడూ, నువ్వు చెబితే వింటార్రా" అంది అక్క. నువ్వు వినేరకం కాదని తెలిసి, పొద్దున్నే టీము మేనేజరు దగ్గరికి వెళ్లాను. "బావ చేతికి పట్టు లేదండీ, దింపెయ్యండి" అన్నాను. ఆయన తలెత్తకుండానే "పోయినేడూ నీ బావ మీద నువ్వే చెప్పావుగా, ఇంకా కచ్చ తీరలేదా?" అన్నాడు.

ఏం చెప్పానో నీకు తెలుసు. పోయినేటి రేసులో చక్రం గోడకి గుద్దుకుని ఊడింది, తప్పు డ్రైవరుదేనని, ఆ చక్రాలు బిగించిన మెకానిక్కునే చెప్పాను. ఆ మాటకే నిన్ను ఏడాది పక్కన కూర్చోబెట్టారు. ఈసారి కూడా ముగ్గురిలో ఆఖరి వంతే, అదీ అవసరమైతేనే అన్నారు.

ఇప్పుడు విను. అడ్డం రాకు.

చక్రం నట్టు కొలతకి బిగించాక దాని మీద పసుపు గీత గీస్తాం. గీత కనబడితే ఆ నట్టు ఇంకెవరూ ముట్టుకోరు. ఆ పద్ధతి పెట్టింది నేనే. "గీత గీయడమంటే మాటివ్వడంరా" అని షెడ్డులో అందరి చెవులూ ఊదరగొట్టింది నేనే.

ఆరోజు రంగు ఆరడం లేదని, నాలుగు చక్రాలకీ బిగించకముందే గీతలు గీసేశాను. మూడు బిగించాను. ఇంతలో ఎవరో పిలిచారు. తిరిగొచ్చి చూస్తే నాలుగింటికీ గీతలున్నాయి. నా గీతని నేనే నమ్మాను బావా!

ఊడింది ఆ నాలుగోదే. ఎడమ ముందుది.

నువ్వు గోడకి గుద్దినందుకు ఊడలేదు. చక్రం పోయాకే గుద్దావు. ఆ గుద్దులో నీ చేతి పట్టు పోగొట్టింది నేను. దొంగకి తేలు కుట్టినట్టు ఏడాదంతా నోరు మూసుకుని, నీ ఇంట్లో నీ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

గ్లౌజు కింద పడింది చూడు. పట్టు లేక జారిందా, నా మాటకి జారిందా?

తిట్టు. పోనీ కొట్టు. అలా చూడకు.

ఇంకా ఉంది. ఇదంతా పొద్దున మేనేజరుకి చెప్పేశాను. నిజం చెబితే చేయి సంగతి కూడా నమ్ముతాడనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. ఆయన లేచి నిలబడి "అయితే మనవాడి తప్పేం లేదన్నమాట! పాపం, ఏడాది ఊరికే కూర్చోబెట్టాం" అన్నాడు. మరి చేయో అంటే, "డాక్టరమ్మ సంతకం నమ్మాలా, నిన్నా?" అన్నాడు.

మొదటి వంతు నీదేనట. ఆఖరిదీ నీదే. నా నోటితో నేనే నిన్ను కారెక్కించాను.

ఏంటి, గ్లౌజు ఇస్తున్నావు? నన్ను తొడగమనా?

ఇంత విన్నాక కూడా వెళ్తావా? అవునులే, ఇవాళ నాలుగు గంటలకి ప్రాక్టీసు. ఇటియ్యి. వేళ్లు చల్లగా ఉన్నాయి బావా... ఈ చిటికెనవేలు మడవగలవా? సరే. సరే, పట్టీ బిగించాను.

నా పానా, రంగుడబ్బా లాగేసుకున్నారు. ఇక షెడ్డులో అడుగు పెట్టకూడదట. రేపు జనంతోపాటు కంచె అవతల నిలబడతాను. నువ్వు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఎడమ ముందు చక్రం వైపే చూస్తాను. ఆ వేగంలో గీత కనబడదు.

కనబడినా నమ్మలేను. అదీ నాకు పడ్డ శిక్ష.